ఒక ఫైలు – పలు భాషలు

తెలుగు వ్యాకరణం చదివిన విద్యార్థికి ఒక విషయం తెలిసే ఉంటుంది. ‘సు’, ‘ఆగతం’ అనే మాటలు కలిసినప్పుడు ‘స్వాగతం’ అవుతుంది. ‘రాముడు’, ‘అతడు’ అనే మాటలు కలిసినప్పుడు ‘రాముడతడు’ అవుతుంది. రెండు చోట్లా ఉకారానికి మరొక అచ్చు పరమైంది. అయినా ఒకచోట ఉకారం వకారంగా మారింది, మరొకచోట పూర్తిగా లోపించింది. మొదటివి సంస్కృత పదాలు కాబట్టి యణాదేశ సంధి జరిగింది. రెండవ చోట ‘రామ’ శబ్దం సంస్కృతమే అయినా, తెలుగు ప్రత్యయం చేరి ‘రాముడు’ కావడంతో అది తెలుగు నియమానికి లోబడి ఉత్వసంధిని పొందింది. ఈ భేదం గుర్తించనివాడు ‘రాముడ్వతడు’ అనీ, ‘సాగతం’ అనీ రాసి నవ్వులపాలవుతాడు. అతనికి సంధిసూత్రాలు రావని కాదు. రెండు సూత్రాలూ కంఠస్థమే కావచ్చు. ఏ మాట ఏ భాషా నియమానికి లోబడుతుందో ముందుగా తేల్చుకోకపోవడమే అతని దోషం.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడానికి వాడే ‘టెక్స్ట్ ఎడిటర్’ అనే సాధనం సరిగ్గా ఇటువంటి చిక్కునే దాదాపు అర్ధశతాబ్దంగా ఎదుర్కొంటున్నది. ఒకే ఫైలులో రెండు మూడు ప్రోగ్రామింగ్ భాషలు కలిసి ఉన్నప్పుడు ఏ పంక్తికి ఏ వ్యాకరణాన్ని వర్తింపజేయాలో దానికి తోచదు. ఈ తికమక చూడడానికి చిన్నదే. దాని ఫలితాలు మాత్రం ఒక్కొక్కసారి చిన్నవి కావు.

ఉత్తరాలు, వ్యాసాలు రాసుకొనే వర్డ్ ప్రాసెసర్ వేరు, టెక్స్ట్ ఎడిటర్ వేరు. వర్డ్ ప్రాసెసర్‌లో అక్షరాల పరిమాణం, రంగు, ఒత్తు మొదలైనవన్నీ ఫైలులో భాగాలే. టెక్స్ట్ ఎడిటర్ దాచే ఫైలులో అక్షరాల వరుస తప్ప మరేమీ ఉండదు. తెరమీద ఆ ప్రోగ్రాము రంగురంగులుగా కనిపించవచ్చు. కాని ఆ రంగులు ఫైలులో లేవు. ఎడిటర్ ఆ రాతను తనకు తానుగా చదివి, ఇది క్రియ, ఇది సంఖ్య, ఇది పేరు అని ఊహించి, చూసేవారి సౌకర్యం కోసం అప్పటికప్పుడు పూసినవి. 1976లో అమెరికాలో ఇంచుమించు ఒకే కాలంలో పుట్టిన రెండు ఎడిటర్లు ఈ రంగంలో ప్రసిద్ధికెక్కాయి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ రూపొందించిన ‘వీఐ’ ఒకటి. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ తదితరులు తీర్చిదిద్దిన ‘ఈమాక్స్’ రెండవది. మొదటిదాని బాటలోనే బ్రామ్ మూలెనార్ 1991లో ‘విమ్’ను విడుదల చేశాడు. ఈమాక్స్, విమ్ నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఎడిటర్ పూసే రంగు కేవలం అలంకారం కాదు. ఒక పదబంధాన్ని ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచి, ముగింపు చిహ్నం పెట్టడం మరచిపోతే, ఆ బంధానికి వేసిన రంగు కిందికి పాకుతుంది. పంక్తి తరువాత పంక్తి అదే రంగులో కనిపించగానే రాసేవాడు తన పొరపాటును పసిగడతాడు. వైద్యుడికి నాడి ఎటువంటిదో ప్రోగ్రామర్‌కు రంగు అటువంటిది. ఎడిటర్ చేసే మరొక సేవ ఇండెంటేషన్, అంటే లోపలి అంశాలను కొంత కుడికి జరిపి అమర్చడం. షరతుకు లోబడిన పంక్తులు ఏవో, షరతు ముగిసిన తరువాతివి ఏవో దీనివల్ల ఒక్క చూపులో తెలుస్తాయి. ఇంకొకటి, కొన్ని పంక్తులను తాత్కాలికంగా ‘వ్యాఖ్య’గా మార్చి వాటి పనిని ఆపివేయడం. ప్రతి ప్రోగ్రామింగ్ భాషలోనూ యంత్రం పట్టించుకోని మాటలు రాసుకోవడానికి ప్రత్యేక చిహ్నాలుంటాయి. ఒక మీట నొక్కితే చాలు, ఎడిటర్ ఆ చిహ్నాలను తానే చేరుస్తుంది.

ఈ సేవలన్నింటికీ ఆధారం ఒక్కటే. ఫైలు ఏ భాషలో ఉన్నదో ఎడిటర్‌కు తెలిసి ఉండాలి. సాధారణంగా ఫైలు పేరు చివర ఉండే పొడిమాటను చూసి అది ఆ సంగతి గ్రహిస్తుంది. ఈమాక్స్‌లో ఈ ఏర్పాటును ‘మేజర్ మోడ్’ అంటారు. సీ భాషకు ఒక మోడ్, పైథాన్‌కు ఒక మోడ్. తెరచిన ప్రతి ఫైలుకూ ఒక సమయంలో ఒకే మేజర్ మోడ్ ఉండాలన్నది దాని మూల నియమం. మిగిలిన ఎడిటర్లు పేరు మార్చినా ఈ ఊహనే అనుసరించాయి. ఒక ఫైలుకు ఒక భాష అన్న ఈ ఊహ సుఖంగా ఉంటుంది, కాని అది మొదటినుండీ నిజం కాదు.

ఈమాక్స్ కంటే ముందే, 1975లో, బెల్ ప్రయోగశాలల నుండి ‘యాక్’ అనే సాధనం గురించిన నివేదిక వెలువడింది. స్టీఫెన్ జాన్సన్ దాని కర్త. ఒక భాషకు వ్యాకరణ సూత్రాలు రాసి ఇస్తే, ఆ భాషను చదివే ప్రోగ్రామును యాక్ తయారుచేస్తుంది. అయితే ప్రతి సూత్రం పక్కనా, ఆ సూత్రం వర్తించినప్పుడు ఏమి చేయాలో సీ భాషలో రాయాలి. అంటే ఒకే పంక్తిలో సగం యాక్, సగం సీ. మరుసటి ఏడాది అక్కడే స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే సాధనాన్ని రూపొందించాడు. పెద్ద ప్రోగ్రాములోని ఏ భాగం మారితే ఏ భాగాలను తిరిగి నిర్మించాలో చెప్పే ఫైలును అది చదువుతుంది. ఆ నిర్మాణానికి కావలసిన ఆజ్ఞలు మాత్రం ‘షెల్’ అనే వేరొక భాషలో ఉంటాయి.

మేక్ ఫైలులో భాషల సరిహద్దును తెలిపే గుర్తు కంటికి కనిపించదు. పంక్తి మొదట ‘ట్యాబ్’ అక్షరం ఉంటే అది షెల్ ఆజ్ఞ, లేకపోతే మేక్ భాష. ట్యాబ్‌కు బదులు ఎనిమిది ఖాళీలు పెట్టినా తెరమీద తేడా ఉండదు. చక్కదనం కోసం ట్యాబులన్నింటినీ ఖాళీలుగా మార్చే అలవాటున్న ఎడిటర్ ఈ ఫైలును ముట్టుకుంటే, ఒక్క అక్షరమైనా మారినట్లు కనిపించకుండానే అది పనికిరాకుండా పోతుంది. డాలరు గుర్తు తంటా వేరు. షెల్‌లో చలరాశి పేరుకు ముందు ఒక డాలరు చాలు. అదే ఆజ్ఞ మేక్ ఫైలులో ఉంటే రెండు డాలర్లు రాయాలి, ఎందుకంటే మొదటిదాన్ని మేక్ తనదిగా భావించి మింగివేస్తుంది. కొత్తగా నేర్చుకొనేవారిని ఈ ఒక్క సంగతి రోజుల తరబడి ఏడిపించగలదు.

ఈ కలయికను ఇబ్బందిగా కాక, ఆదర్శంగా భావించినవారు కూడా ఉన్నారు. డొనాల్డ్ నూత్ 1984లో ‘లిటరేట్ ప్రోగ్రామింగ్’ అనే వ్యాసం ప్రచురించాడు. ప్రోగ్రామును యంత్రం కోసం కాక, మనిషి చదువుకోవడానికి వీలైన రచనగా రాయాలన్నది ఆయన వాదం. అందుకోసం ఆయన రూపొందించిన పద్ధతి పేరు ‘వెబ్’. నేటి ప్రపంచవ్యాప్త వెబ్‌తో దీనికి సంబంధం లేదు, అది ఇంకా పుట్టనే లేదు. ఇందులో వివరణ టెక్ భాషలోనూ, ప్రోగ్రాము పాస్కల్ భాషలోనూ ఒకే ఫైలులో అల్లుకొని ఉంటాయి. ఆ ఫైలు నుండి యంత్రానికి కావలసిన పాస్కల్‌ను ‘ట్యాంగిల్’ అనే ప్రోగ్రాము, అచ్చుకు కావలసిన పుటలను ‘వీవ్’ అనే ప్రోగ్రాము విడదీస్తాయి. ఒకదాని అర్థం చిక్కు వేయడం, రెండవదాని అర్థం నేయడం. యంత్రానికి పంపేదే చిక్కుముడి అని పేరులోనే చెప్పడం నూత్ చమత్కారం.

ఇవన్నీ నిపుణుల పరిధిలోని విషయాలు. మిశ్రమ భాషల ఫైళ్ళు లక్షల మంది నిత్యకృత్యం కావడానికి కారణం ఇంటర్నెట్. టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన హెచ్‌టీఎంఎల్ భాష వెబ్ పుటకు శరీరాన్ని ఇచ్చింది. 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్ దానికి కదలికను ఇచ్చింది. 1996లో ప్రమాణంగా వెలువడిన సీఎస్‌ఎస్ రూపురేఖలను ఇచ్చింది. 1995లోనే రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పీహెచ్‌పీ, పుట పాఠకుడిని చేరకముందే సర్వర్‌లో దాన్ని తయారుచేసే పని చేపట్టింది. ఈ నాలుగూ ఒకే ఫైలులో కలిసి ఉండవచ్చు. పీహెచ్‌పీ చేతిలో ఉన్న ఉద్ధరణ చిహ్నాల మధ్య ఐదవదిగా ఎస్‌క్యూఎల్, అంటే సమాచారనిధిని ప్రశ్నించే భాష, చేరవచ్చు.

ఉదాహరణకు ఒక కళాశాల పరీక్షా ఫలితాల పుటను ఊహించవచ్చు. పైన సీఎస్‌ఎస్‌లో రంగులు, అక్షరాల పరిమాణం ఉంటాయి. మధ్యలో హెచ్‌టీఎంఎల్ పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క వరుసను పుట్టించే పీహెచ్‌పీ పంక్తులుంటాయి. మార్కులను తెచ్చే ఎస్‌క్యూఎల్ ప్రశ్న వాటి లోపల ఉంటుంది. చివర, హాల్ టికెట్ సంఖ్య సరిగా నింపారో లేదో చూసే జావాస్క్రిప్ట్ ఉంటుంది. దీనిని పీహెచ్‌పీ మాత్రమే తెలిసిన ఎడిటర్‌లో తెరిచారనుకుందాం. పుటలో ఎక్కడో ఇంగ్లీషు వాక్యంలో ఒక అపోస్ట్రఫీ వస్తుంది. చదివేవారికి అది షష్ఠీ విభక్తిని తెలిపే చుక్క మాత్రమే. ఎడిటర్‌కు అది ఉద్ధరణ చిహ్నం. అక్కడినుండి మరొక అపోస్ట్రఫీ దొరికేదాకా కనిపించినదంతా ఒకే రంగులో ముంచెత్తుతుంది. హెచ్‌టీఎంఎల్ మాత్రమే తెలిసిన ఎడిటర్‌లో తెరిస్తే బాధ మరొక రకం. జావాస్క్రిప్ట్‌లో ‘ఇది దానికంటే తక్కువ’ అని చెప్పే కోణపు గుర్తును చూసి, అది కొత్త ట్యాగు మొదలైందని భ్రమపడి, తరువాతి పంక్తులన్నింటినీ కుడివైపుకు నెట్టుతుంది.

రంగు చెదిరితే కన్ను నొప్పి పెడుతుంది. వ్యాఖ్య చెదిరితే సమాచారమే పోవచ్చు. పై పుటలోనే పాత సంవత్సరపు మార్కులను తొలగించే నాలుగు పీహెచ్‌పీ పంక్తులున్నాయనీ, రాసేవాడు వాటిని కొంతకాలం ఆపదలచుకున్నాడనీ అనుకుందాం. అతడు ఆ పంక్తులను ఎంచుకొని వ్యాఖ్య మీట నొక్కుతాడు. ఎడిటర్ తాను హెచ్‌టీఎంఎల్‌లో ఉన్నాననుకొని, ఆ భాషలోని వ్యాఖ్య చిహ్నాలను చుట్టూ చేరుస్తుంది. తెరమీద ఆ భాగమంతా వ్యాఖ్యల బూడిదరంగులోకి మారుతుంది. బ్రౌజర్‌లో చూస్తే ఆ చోట ఏమీ కనిపించదు. అంతా ఆగిపోయిందని అతడు నిశ్చింతగా ఉంటాడు. కాని సర్వర్‌లోని పీహెచ్‌పీకి హెచ్‌టీఎంఎల్ వ్యాఖ్య అంటే ఏమిటో తెలియదు. దాని దృష్టిలో ఆ చిహ్నాలు పాఠకుడికి పంపవలసిన వట్టి అక్షరాలు. తన ప్రారంభ చిహ్నం కనిపించగానే అది ఎప్పటిలాగే పని మొదలుపెడుతుంది. పుట తెరిచిన ప్రతిసారీ తొలగింపు జరుగుతూనే ఉంటుంది. దాని ఫలితం మాత్రమే వ్యాఖ్యలో దాగి, కంటికి కనిపించకుండా పోతుంది. ఆపలేదని తెలిసి ఉంటే అతడు జాగ్రత్తపడేవాడు. ఆగిందని రంగు చెప్పడంవల్లనే ప్రమాదం వచ్చింది.

ఈ ఉదాహరణలో సమస్య మూలం దాగి ఉన్నది. మిశ్రమ ఫైలును చదివే యంత్రాలు ఒకటి కాదు, అనేకం. అవి ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. మొదట పీహెచ్‌పీ వస్తుంది. తన చిహ్నాల మధ్య ఉన్నదే దానికి భాష, మిగిలినదంతా మౌనంగా ముందుకు పంపవలసిన సరకు. తరువాత బ్రౌజర్‌లోని హెచ్‌టీఎంఎల్ పాఠకుడు వస్తాడు. అప్పటికి పీహెచ్‌పీ కరిగిపోయి ఉంటుంది. జావాస్క్రిప్ట్ భాగాన్ని అతడు అర్థం చేసుకోడు, ముగింపు ట్యాగు వచ్చేదాకా మూటకట్టి జావాస్క్రిప్ట్ యంత్రానికి అప్పగిస్తాడు. ఎస్‌క్యూఎల్ ప్రశ్న ఇవేవీ చూడని మరొక యంత్రానికి వెళుతుంది. ప్రతి యంత్రమూ తన వంతుకు వచ్చినదాన్నే చూస్తుంది, తక్కినదానికి గుడ్డిది. ఆ ఫైలు మొత్తాన్ని, అన్ని భాషలతో సహా, ఒకే సమయంలో చదవవలసిన అవసరం ఇద్దరికే ఉంది. ఒకరు దానిని రాసే మనిషి, రెండవది అతని ఎడిటర్. అసలు యంత్రాలలో ఏదీ చేయని పనిని ఎడిటర్ చేయవలసి వస్తున్నది. అదీ మనిషి ఇంకా రాస్తూ ఉండగా, వాక్యం సగంలో ఉండగా, ప్రతి అక్షరానికీ చేయాలి.

సరిహద్దు చిహ్నాలు స్పష్టంగా ఉన్నాయి కదా, వాటిని వెతికితే చాలదా అనిపించవచ్చు. చాలదు. జావాస్క్రిప్ట్‌లో ఒక ఉద్ధరణ చిహ్నాల జంట మధ్య, కేవలం మాటగా, స్క్రిప్టు ముగింపు ట్యాగును రాస్తే ఏమవుతుంది? జావాస్క్రిప్ట్ వ్యాకరణం ప్రకారం అది పదబంధంలో భాగం, దానికి ఏ శక్తీ లేదు. కాని హెచ్‌టీఎంఎల్ పాఠకుడికి ఉద్ధరణ చిహ్నాల సంగతి తెలియదు. ట్యాగు కనిపించింది కాబట్టి స్క్రిప్టు అక్కడితో ముగిసిందంటాడు. మిగిలిన సగం పుటమీద అక్షరాలుగా ఒలికిపోతుంది. ఇక్కడ బయటి భాషదే పైచేయి. అందుకే అనుభవజ్ఞులు ఆ ట్యాగులోని ఏటవాలు గీతకు ముందు వెనుకకు వాలిన మరొక గీత చేర్చి దాన్ని మరుగుపరుస్తారు. పీహెచ్‌పీలో తీర్పు తారుమారవుతుంది. ఉద్ధరణ చిహ్నాల మధ్య పీహెచ్‌పీ ముగింపు చిహ్నం వచ్చినా భాష ముగియదు. ఇక్కడ లోపలి భాషదే పైచేయి. అదే చిహ్నం ఒకే పంక్తికి పరిమితమైన వ్యాఖ్యలో వస్తే మాత్రం, పంక్తి పూర్తికాకపోయినా, వ్యాఖ్యా ముగుస్తుంది, పీహెచ్‌పీ కూడా ముగుస్తుంది. బహుపంక్తుల వ్యాఖ్యలో వస్తే మళ్ళీ ముగియదు. ప్రతి భాషల జంటకూ ఒక ప్రత్యేక ఒడంబడిక ఉన్నదన్నమాట. ఎడిటర్ వాటన్నింటినీ ఎరిగి ఉండాలి.

మొదటి తరం పరిష్కారాలు ఫైలును ముక్కలుగా చూశాయి. ఈమాక్స్‌లో ఒక ఫైలుకు ఒకే మోడ్ అన్న నియమాన్ని సడలించడానికి 2000 ప్రాంతంలో ‘ఎంఎంఎం మోడ్’ వచ్చింది. ప్రారంభ, ముగింపు చిహ్నాల మధ్య ఉన్న ప్రతి ముక్కకూ అది వేరొక మోడ్‌ను కేటాయిస్తుంది. ఇది చాలా మేరకు పనిచేసింది. కాని ముక్క ఒక్కటే ఉంటే దానికి అర్థం లేని సందర్భాలుంటాయి. పీహెచ్‌పీలో ‘ఉత్తీర్ణుడైతే’ అని షరతు పెట్టి, వంకీ బ్రాకెట్టు తెరిచి, పీహెచ్‌పీని అక్కడ ఆపి, కొంత హెచ్‌టీఎంఎల్ రాసి, మళ్ళీ పీహెచ్‌పీలోకి వచ్చి ఆ బ్రాకెట్టును మూసివేయడం సర్వసాధారణం. మొదటి ముక్కలో తెరిచినది మూయలేదు, రెండవ ముక్కలో తెరవనిది మూశారు. వేరువేరుగా చూస్తే రెండూ తప్పులే, కలిపి చూస్తే ఒప్పు. ఇక మధ్యలో ఉన్న హెచ్‌టీఎంఎల్‌ను ఎంత కుడికి జరపాలి? తన ట్యాగుల లెక్క ప్రకారమా, తనను చుట్టిన పీహెచ్‌పీ షరతు ప్రకారమా? ఈ ప్రశ్నకు వ్యాకరణంలో జవాబు లేదు. అది రాసేవారి అభిరుచికి, వారు పనిచేసే బృందపు అలవాటుకు సంబంధించినది. తరువాతి కాలంలో వచ్చిన ‘వెబ్ మోడ్’ ఈ భాషలన్నింటినీ ఒకే మోడ్‌లో తెలుసుకొని, ఈ లెక్కలను చాలావరకు చక్కబెట్టింది.

విమ్ ఎడిటర్ మరొక దారిన నడిచింది. 1998లో వెలువడిన ఐదవ సంచిక నుండి అది రంగులు వేయడం మొదలుపెట్టింది. ఒక భాషా నియమాల లోపల మరొక భాషా నియమాలను చేర్చుకొనే వీలు అందులో ఉంది. అయితే వేగం కోసం అది ఒక రాజీ పడింది. పెద్ద ఫైలులో ఉన్నట్టుండి మధ్యకు వెళ్ళినప్పుడు, మొదటి పంక్తి నుండి చదువుకుంటూ రావడానికి బదులు, కొద్ది పంక్తులు మాత్రమే వెనక్కు చూసి, తాను ఏ భాషలో ఉన్నానో ఊహిస్తుంది. స్క్రిప్టు ప్రారంభ చిహ్నం అంతకంటే పైన ఉంటే ఊహ తప్పుతుంది. నాటకం మధ్యలో వచ్చి కూర్చున్న ప్రేక్షకుడు రాజును భటుడనుకోవడం వంటిదిది. మొదటి నుండి చదవమని ఆజ్ఞాపించే వీలు ఉన్నది, కాని అందుకు కొంత నిదానాన్ని భరించాలి.

2004లో ఆపిల్ కంప్యూటర్ల కోసం వచ్చిన ‘టెక్స్ట్‌మేట్’ ఎడిటర్ భాషలను వర్ణించే పద్ధతికి ఒక ఒరవడి పెట్టింది. భాషలో భాషను ఇముడ్చుకొనే ఈ వర్ణనలు ఎంత ప్రచారం పొందాయంటే, 2015లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడ్ కూడా వాటినే స్వీకరించింది. కాని ఈ పద్ధతి పాఠాన్ని ఒక్కొక్క పంక్తిగా చూస్తూ అక్షరాల పోలికలను మాత్రమే వెతుకుతుంది, వాక్యనిర్మాణాన్ని గ్రహించదు. లోపలి భాషలో మూయని ఉద్ధరణ చిహ్నం ఒకటి ఉంటే చాలు, బయటి భాష ముగింపు గుర్తును కూడా అది మింగివేయగలదు.

వాక్యనిర్మాణాన్ని నిజంగా గ్రహించే ప్రయత్నం ‘ట్రీ-సిట్టర్’తో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. మ్యాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ రూపొందించిన ఈ సాధనాన్ని గిట్‌హబ్ సంస్థ 2018లో తన ఆటం ఎడిటర్‌లో ప్రవేశపెట్టింది. ఆ ఎడిటర్ 2022 డిసెంబరులో నిలిచిపోయింది గాని, ట్రీ-సిట్టర్ దానికంటే ఎక్కువకాలం బతికింది. 2023లో వచ్చిన ఈమాక్స్ 29వ సంచిక కూడా దానిని తనలో చేర్చుకుంది. ఇది ఫైలును చెట్టు ఆకారంలో విశ్లేషిస్తుంది. ఒక అక్షరం మారితే చెట్టంతా మళ్ళీ కట్టదు, మారిన కొమ్మను మాత్రమే సరిదిద్దుతుంది. కాబట్టి వేగానికి లోటు లేదు. మిశ్రమ ఫైళ్ళ విషయంలో దీని తెలివి మెచ్చుకోదగినది. మొదట బయటి భాష చెట్టును కడుతుంది. ఆ చెట్టును బట్టి లోపలి భాష ఎక్కడెక్కడ ఉన్నదో గుర్తించి, చెల్లాచెదురుగా ఉన్న ఆ ముక్కలన్నింటినీ ఒకే రచనగా భావించి చదవమని రెండవ విశ్లేషకుడికి అప్పగిస్తుంది. ఒక ముక్కలో తెరిచిన బ్రాకెట్టు మరొక ముక్కలో మూతపడినా అప్పుడు చిక్కు ఉండదు.

రంగులతో పని ముగియదు. మాట సగం రాయగానే మిగిలిన సగాన్ని సూచించడం, తప్పులను చూపడం, ఒక పేరు ఎక్కడ పుట్టిందో చెప్పడం వంటి పనులను నేడు ఎడిటర్లు వేరే సహాయకులకు అప్పగిస్తున్నాయి. ఈ సంభాషణకు ఉమ్మడి మర్యాదగా 2016లో మైక్రోసాఫ్ట్ ఆధ్వర్యంలో ‘లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్’ ఏర్పడింది. సహాయకులలో ప్రతి ఒక్కరూ ఒకే భాష తెలిసినవారు. వారికి మిశ్రమ ఫైలును చూపడం ఎలా? దీనికి కనుగొన్న ఉపాయాలలో ఒకటి చాలా సులభమైనది. సీఎస్‌ఎస్ సహాయకుడికి పంపేటప్పుడు, ఫైలులో సీఎస్‌ఎస్ కాని ప్రతి అక్షరాన్నీ చెరిపి, దాని స్థానంలో ఒక ఖాళీని ఉంచుతారు. అక్షరాల సంఖ్య మారదు, పంక్తుల సంఖ్య మారదు. ఆ సహాయకుడు ‘నలభయ్యవ పంక్తి, పన్నెండవ అక్షరం వద్ద తప్పు ఉన్నది’ అంటే, అసలు ఫైలులో కూడా అదే చోట చూడవచ్చు. తక్కిన పుటంతా తెల్లగా కనిపిస్తున్నందుకు అతనికి ఏ ఆశ్చర్యమూ ఉండదు.

ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉన్న ఎస్‌క్యూఎల్ సంగతి మాత్రం ఇంకా కష్టం. అక్కడ సరిహద్దు చిహ్నమంటూ లేదు. పీహెచ్‌పీ దృష్టిలో అది ఒక పలకరింపు వాక్యం కావచ్చు, ఒక ఊరి పేరు కావచ్చు, ప్రశ్న కావచ్చు. జెట్‌బ్రెయిన్స్ సంస్థ ఎడిటర్ల వంటివి మాటల ధోరణిని బట్టి ఊహిస్తాయి, లేదా ‘ఇది ఎస్‌క్యూఎల్’ అని రాసేవారే పక్కన వ్యాఖ్యగా తెలపడానికి వీలు కల్పిస్తాయి. ఈ సరిహద్దు అస్పష్టత ఎడిటర్ పరిధిని దాటి భద్రతకు కూడా ముప్పు తెచ్చింది. పాఠకుడు నింపిన పేరును నేరుగా ప్రశ్నలో అతికిస్తే, ఆ పేరులో ఒక అపోస్ట్రఫీ, దాని వెనుక కొంత ఎస్‌క్యూఎల్ రాసినవాడు సమాచారనిధికే ఆజ్ఞలు జారీచేయగలడు. 1998 చివరలో ‘ఫ్రాక్’ అనే పత్రిక ఈ లోపాన్ని వివరించింది. ప్రశ్నను ముందుగా పంపి, విలువలను విడిగా అందజేయడం దానికి సరైన మందు. అంటే రెండింటినీ కలపకపోవడమే.

సరిహద్దును ఊహించే బదులు, దానిని రాసేవారి చేతనే గీయించవచ్చునన్న ఆలోచన కూడా ఉంది. లండన్‌లోని కింగ్స్ కళాశాలకు చెందిన లూకస్ డీక్‌మన్, లారెన్స్ ట్రాట్ 2014లో ‘ఈకో’ అనే ప్రయోగాత్మక ఎడిటర్‌ను ప్రకటించారు. అందులో భాష మారేచోట రాసేవాడు ఒక ‘భాషాపేటిక’ను తెరుస్తాడు. పేటికలో ఏమి రాసినా అది ఆ భాషదే, పొరపాటున బయటికి ఒలకదు. సిద్ధాంతరీత్యా ఇది నిర్దుష్టమైన పరిష్కారం. కాని పేటికలున్న రచన అసలు రూపంలో వట్టి అక్షరాల వరుస కాదు, చెట్టు. సాదా పాఠాన్ని నమ్ముకొని యాభై ఏళ్ళుగా పెరిగిన పనిముట్లకు, వెతికేవాటికి, పోల్చేవాటికి, పంపేవాటికి, అది సూటిగా అందదు. ఎక్కడైనా తెరవగలిగిన సాదా ఫైలు సౌలభ్యాన్ని వదులుకోవడానికి ప్రోగ్రామర్లు సిద్ధపడలేదు. వారిని తప్పుపట్టడానికీ వీలులేదు.

అందువల్ల ఎడిటర్ నేటికీ సాదా అక్షరాలను చూసే భాషలను ఊహిస్తున్నది. ఫలితాల పుటలో, పీహెచ్‌పీ పంక్తి మధ్యలో, రాసేవాడు ఒక ఉద్ధరణ చిహ్నాన్ని కొడతాడు. రెండవది ఇంకా కొట్టలేదు. ఆ క్షణాన వ్యాకరణం ప్రకారం, దాని కింద ఉన్న పట్టిక, స్క్రిప్టు, ముగింపు చిహ్నాలు అన్నీ ఒకే ఒక పదబంధంలో భాగాలు. కొన్ని ఎడిటర్లలో పుటంతా ఒక్కసారి రంగు మారి మెరుస్తుంది. కొన్ని ఎడిటర్లు ఆ చిక్కు రాకుండా రెండవ చిహ్నాన్ని తామే ముందుగా పెట్టివేస్తాయి. అతడు అలవాటు కొద్దీ తానూ ఒకటి కొడితే, దానిని కొత్త చిహ్నంగా లెక్కించక, ఉన్నదాని మీదుగా దాటనిస్తాయి.